ఫైర్‌వాల్ ఏ రకమో తేల్చుకోవడం ఎలా? సాంకేతిక నేపథ్యం లేనివారి కోసం సమగ్ర మార్గదర్శి

'ఫైర్‌వాల్ రకాలు' అని వెతికితే దాదాపు ఎక్కడ చూసినా ఒకే జాబితా ఎదురవుతుంది. ప్యాకెట్ ఫిల్టర్, స్టేట్‌ఫుల్, ప్రాక్సీ, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, క్లౌడ్, నెక్స్ట్ జనరేషన్... అన్నీ ఒకే వరసలో ఉంటాయి. చదివినవాళ్లకు ఇవి ఏడు వేర్వేరు వస్తువులనీ, వీటిలో ఒకటి ఎంచుకోవాలనీ అనిపిస్తుంది. తిరకాసంతా అక్కడే ఉంది. 'క్లౌడ్' అన్నది ఫైర్‌వాల్ ఎక్కడుందో చెప్పే మాట. 'స్టేట్‌ఫుల్' అన్నది అది ఎలా పరిశీలిస్తుందో చెప్పే మాట. 'నెక్స్ట్ జనరేషన్' చాలావరకు అమ్మేవాళ్ల మాట. ఒకే ఫైర్‌వాల్‌కు ఈ మూడు పేర్లూ ఒకేసారి అతకొచ్చు.

అందుకే 'ఇది ఏ రకం?' అని ఒక్క ప్రశ్నతో తేల్చేయాలని చూస్తే తేలదు. ముందు ఒక వడపోత పెట్టుకుని, ఆ తర్వాత ఐదు చిన్న ప్రశ్నలు వేసుకుంటే ఏ ఫైర్‌వాల్ అయినా తన చోటు తానే చెబుతుంది. ఎక్కడ కూర్చుంది? ఏ దిశలో ఆపుతుంది? ఎంత లోతుకు చూస్తుంది? నిర్ణయం ఎవరిది? ఆపేది అదేనా, లేక వేరేదాని మీద తొడిగిన తొడుగా? ఈ జవాబులన్నీ కలిపితేనే దాని రకం.

మొదలుపెట్టే ముందు: తెలియాల్సినంత

మీ కంప్యూటర్ నెట్‌లోకి పంపేదైనా, అందుకునేదైనా చిన్న చిన్న ముక్కలుగానే ప్రయాణిస్తుంది. ఆ ముక్కనే ప్యాకెట్ అంటారు. దాన్ని కవర్లో పెట్టిన ఉత్తరం అనుకోండి. కవరు మీద పంపినవారి చిరునామా, అందాల్సిన చిరునామా, దానితోపాటు ఒక పోర్ట్ నంబరు ఉంటాయి. లోపల అసలు విషయం ఉంటుంది.

చిరునామా ఏ యంత్రానికో చెబుతుంది. ఆ యంత్రంలో ఏ పనికో పోర్ట్ నంబరు చెబుతుంది. పోర్ట్ నంబర్లు 65,535 దాకా ఉంటాయి గానీ సామాన్యంగా తగిలేవి కొన్నే. వెబ్‌సైట్లకు 443, పాత పద్ధతి వెబ్‌కు 80, విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి 445, దూరం నుంచి విండోస్ డెస్క్‌టాప్‌ను నడపడానికి 3389, దూరం నుంచి లైనక్స్ యంత్రంలోకి వెళ్లడానికి 22.

ఈ రాకపోకల్ని చూసి, ముందే రాసిపెట్టుకున్న రూల్స్ ప్రకారం ఏది పోనివ్వాలో ఏది ఆపాలో తేల్చేదే ఫైర్‌వాల్. మిగతా కథంతా ఈ వాక్యం మీద నడుస్తుంది.

వడపోత: ఇది అసలు ఫైర్‌వాలేనా?

భద్రతకు సంబంధించిన ప్రతిదాన్నీ ఫైర్‌వాల్ అనేయడం అలవాటైపోయింది. కాబట్టి ముందు ఒక పరీక్ష పెట్టండి: ఒక కనెక్షన్‌ను ఆపే అధికారం దీనికి ఉందా? ఉంటే, ఆ కనెక్షన్‌ను చూసే ఆపుతోందా?

యాంటీవైరస్ ఈ పరీక్షలో నిలవదు. అది ఫైళ్లనూ, నడుస్తున్న ప్రోగ్రాముల ప్రవర్తననూ చూస్తుంది. వీపీఎన్ కూడా నిలవదు. అది మీ రాకపోకల్ని రహస్య లిపిలో చుట్టి వేరే దారిలో పంపుతుందే తప్ప, ఏది పోవాలి ఏది పోకూడదు అని తీర్పు చెప్పదు.

ఇంట్లో ప్రకటనలు రాకుండా చేయడానికి కొందరు వాడే పై-హోల్ సంగతి కాస్త తమాషాగా ఉంటుంది. మీ పరికరం ఒక సైట్ పేరు చెప్పి, దాని చిరునామా ఏమిటని అడుగుతుంది. అలా ప్రకటనల సైట్ల పేర్లు అడిగినప్పుడు అసలు చిరునామా ఇవ్వకుండా ఉత్త చేతులతో తిప్పి పంపడం దాని పని. చూసేవాళ్లకు అది ఆపినట్టే ఉంటుంది. కానీ ఏదైనా యాప్ పేరు అడగకుండా నేరుగా చిరునామాతోనే వెళ్లిపోతే పై-హోల్‌కు ఆ సంగతే తెలియదు. అది పేర్ల వడపోత, ఫైర్‌వాల్ కాదు.

ఫెయిల్‌టుబ్యాన్ అనేది సర్వర్లలో బాగా వాడుకలో ఉంది. ఎవరో పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నారని లాగ్ ఫైళ్లలో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాల్లో, కనిపెట్టి, 'ఈ చిరునామాను ఆపు' అని ఫైర్‌వాల్‌కు చెబుతుంది. చెప్పడం వరకే దాని పని, ఆపేది వేరొకటి. స్నార్ట్, సూరికాటా లాంటివి మరో తరహా. చూసి హెచ్చరించడానికి మాత్రమే పెడితే అవి నిఘా సాఫ్ట్‌వేర్. దారికి అడ్డంగా కూర్చోబెట్టి ఆపే అధికారం కూడా ఇస్తే ఫైర్‌వాల్ పనిలో భాగం పంచుకుంటాయి. ఒకే సాఫ్ట్‌వేర్, పెట్టిన తీరును బట్టి కోవ మారిపోతుంది.

ఇక రౌటర్. ఇంట్లోని పరికరాలన్నిటికీ కలిపి బయటికి ఒకే చిరునామా చూపించే ఏర్పాటు, అంటే నాట్, చాలా రౌటర్లలో ఉంటుంది. బయటినుంచి పిలవకుండా వచ్చిన ప్యాకెట్ లోపల ఎవరికి ఇవ్వాలో దానికి తెలియదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఇది అదృష్టవశాత్తు దొరికిన రక్షణే తప్ప, ఆలోచించి రాసిన రూల్ కాదు. ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామాల పద్ధతి వాడే చోట ఒక్కో పరికరానికీ సొంత చిరునామా ఉంటుంది, సాధారణంగా ఈ నాట్ ఉండదు. అప్పుడు రౌటర్‌లోని అసలైన ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందా లేదా అన్నదే లెక్క.

మొదటి ప్రశ్న: ఎక్కడ కూర్చుంది?

ఇది అన్నిటికంటే తేలికైన ప్రశ్న. తప్పితే నష్టం మాత్రం ఎక్కువే.

కొన్ని ఫైర్‌వాల్‌లు మీ పరికరంలోనే ఉంటాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఫైర్‌వాల్, మ్యాక్‌లో వాడే లులు, ఆండ్రాయిడ్‌లో వాడే నెట్‌గార్డ్ ఈ కోవవి. ఆ ఒక్క పరికరాన్నే కాస్తాయి. ల్యాప్‌టాప్ ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వెళతాయి.

కొన్ని నెట్‌వర్క్ గుమ్మంలో ఉంటాయి. రౌటర్‌లోనిదీ, కార్యాలయాల్లో పెట్టే ప్రత్యేక పెట్టెలూ, ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ లాంటివీ ఇక్కడికి వస్తాయి. లోపలున్న అన్ని పరికరాలకూ కాపలా కాస్తాయి, కానీ గడప దాటి వెళ్లిన ల్యాప్‌టాప్‌ను పట్టించుకోలేవు. అదే నెట్‌వర్క్‌లో ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి నేరుగా పోయేవాటిని కూడా మామూలుగా చూడలేవు. అవి గుమ్మం దాకా రావు కదా.

మరికొన్ని ఒక వెబ్‌సైట్ ముందు నిలబడతాయి. వీటిని వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ అంటారు. 2002లో అపాచీ వెబ్ సర్వర్ కోసం మొదలైన మోడ్‌సెక్యూరిటీ వీటిలో పాతకాపు. సైట్ నడిపేవాళ్లకు పనికొస్తుంది. సైట్లు చూసే మామూలు వాడుకరికి దీనితో పని లేదు. ఇంటి కంప్యూటర్‌కు ఏ ఫైర్‌వాల్ మంచిదని అడిగితే కొందరు వీటి పేర్లు చెబుతారు. అది సంబంధం లేని జవాబు.

చివరిది క్లౌడ్. అద్దెకు తీసుకున్న సర్వర్ల ముందు ఆ అద్దెకిచ్చే సంస్థే పెట్టే రూల్స్ ఇవి. పని గుమ్మం ఫైర్‌వాల్‌దే, కాకపోతే గుమ్మం మీ కంటికి కనబడదు.

ఇక్కడే తరచూ జరిగే పొరపాటొకటి చెప్పాలి. 'ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్' జాబితాల్లో ఓపీఎన్‌సెన్స్ పేరు చూసి, దాన్ని మరో ప్రోగ్రాం అనుకుని, వాడుతున్న కంప్యూటర్లోనే ఎక్కించబోతారు. అది ప్రోగ్రాం కాదు, ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్ మీద కట్టిన పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ డిస్కును తుడిచేసి తనకు కేటాయించుకుంటుంది. ఫొటోలూ ఫైళ్లూ గోవిందా. దానికి విడిగా ఒక యంత్రం, సాధారణంగా అందులో నెట్‌వర్క్ కేబుల్ తగిలించే సాకెట్లు రెండు కావాలి. 'ఎక్కడ కూర్చుంటుంది?' అని ముందే అడిగి ఉంటే ఈ ప్రమాదం తప్పేది.

'హార్డ్‌వేర్ ఫైర్‌వాల్', 'సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్' అన్న విభజనను నేను వాడను. పెట్టె రూపంలో అమ్మేదాని లోపలా నడిచేది సాఫ్ట్‌వేరే. ఆ మాటలు వాడేవాళ్లు నిజానికి చెప్పాలనుకునేది గుమ్మంలో ఉందా, పరికరంలో ఉందా అన్నదే. అదే సూటిగా చెబితే సరిపోతుంది.

రెండో ప్రశ్న: ఏ దిశలో ఆపుతుంది?

లోపలికి వచ్చేవి, బయటికి వెళ్లేవి. ఈ రెండూ వేర్వేరు భయాలకు జవాబులు. పిలవకుండా లోపలికి వచ్చేదాన్ని ఆపితే దాడులు తగ్గుతాయి. బయటికి వెళ్లేదాన్ని ఆపితే మీ పరికరంలోనే ఉన్న ప్రోగ్రాములు గుట్టుగా సమాచారం పంపడం తగ్గుతుంది.

లోపలికి వచ్చేవాటిని ఆపడం ఎందుకంత ముఖ్యమో 2003 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది. బ్లాస్టర్ అనే వార్మ్, అంటే తనంతట తానే ఒక యంత్రం నుంచి మరోదానికి పాకే హానికర ప్రోగ్రాం, విండోస్ యంత్రాల్లోకి 135వ పోర్ట్ గుండా దూరింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఏ ఫైలూ తెరవనక్కర్లేదు. నెట్‌కు తగిలించి ఉంటే చాలు. విచిత్రం ఏమిటంటే 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అప్పటికే ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంది. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేసింది.

ఇవాళ్టికీ విండోస్ ఫైర్‌వాల్ డిఫాల్ట్ పద్ధతి ఇది: లోపలికి వచ్చేది రూల్ ఉంటేనే రావాలి, బయటికి వెళ్లేది అడ్డు చెప్పే రూల్ లేకపోతే వెళ్లొచ్చు. ఈ తేడా తెలియక చాలామంది తెరమీద వచ్చే ఒక కిటికీ దగ్గర మోసపోతుంటారు. కొత్త గేమో, వీడియో కాల్ ప్రోగ్రామో తెరవగానే 'ఈ యాప్‌లోని కొన్ని ఫీచర్లను ఫైర్‌వాల్ ఆపింది, పబ్లిక్, ప్రైవేట్ నెట్‌వర్క్‌లలో అనుమతిస్తారా?' అని విండోస్ అడుగుతుంది. 'వద్దు' అని నొక్కి, ఇక ఆ ప్రోగ్రాం నెట్ వాడదని నిశ్చింతగా ఉంటారు. ఆ కిటికీ అడిగింది బయటివాళ్లు ఈ ప్రోగ్రాంతో కనెక్షన్ మొదలుపెట్టొచ్చా అని మాత్రమే. ఆ ప్రోగ్రాం తనంతట తాను బయటికి వెళ్లడానికి అప్పటికే దారి తెరిచి ఉంది.

మ్యాక్‌తో వచ్చే ఫైర్‌వాల్ కూడా లోపలికి వచ్చేవాటినే చూస్తుంది. బయటికి పోయేవాటి మీద కన్ను వేయాలంటే లులు, లిటిల్ స్నిచ్ లాంటివి కావాలి. అంటే 'మ్యాక్‌లో ఫైర్‌వాల్ ఉంది కదా, మళ్లీ ఇంకొకటి ఎందుకు?' అన్న ప్రశ్నకు జవాబు దిశలోనే ఉంది.

మూడో ప్రశ్న: ఎంత లోతుకు చూస్తుంది?

ఇక్కడ కాస్త ఆగి చదవండి. వాడుకలో ఉన్న పెద్ద పదాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకే వేర్వేరు జవాబులు.

అన్నిటికంటే పైపైన చూసేది ప్యాకెట్ ఫిల్టర్. కవరు మీద రాసింది చదువుతుంది, అంతే. ఫలానా చిరునామా నుంచి వచ్చింది, ఫలానా పోర్ట్‌కు పోతోంది, రూల్‌లో ఉంది, పో. 1980ల చివర్లో వచ్చిన తొలి ఫైర్‌వాల్‌లు ఇలాంటివే. 1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌ను కుదిపేశాక ఇలాంటి వడపోతల అవసరం అందరికీ అర్థమైంది. ప్యాకెట్ ఫిల్టర్ వేగంగా పని చేస్తుంది, కానీ దానికి జ్ఞాపకం లేదు. ఒక ప్యాకెట్ 'నేను మీరడిగినదానికి జవాబును' అన్నట్టు కనిపిస్తే, నిజంగా ఎవరైనా అడిగారో లేదో తెలుసుకోలేదు.

ఆ జ్ఞాపకం జోడిస్తే స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్. మీ బ్రౌజర్ ఒక సైట్‌ను తెరిచినప్పుడు 'ఇక్కడినుంచి అక్కడికి, ఈ పోర్ట్‌ల మధ్య ఒక సంభాషణ మొదలైంది' అని ఒక పట్టికలో రాసుకుంటుంది. తిరిగి వచ్చిన ప్యాకెట్ ఆ పట్టికలో ఉన్న సంభాషణకు చెందినదైతే రానిస్తుంది, లేకపోతే రూల్స్ చూస్తుంది. చెక్ పాయింట్ సంస్థ 1994లో తెచ్చిన ఫైర్‌వాల్-1తో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇవాళ విండోస్, లైనక్స్‌లతో వచ్చేవీ, మంచి రౌటర్లలో ఉండేవీ స్టేట్‌ఫుల్లే. కాబట్టి ఎవరైనా తమ ఉత్పత్తి ప్రత్యేకత 'స్టేట్‌ఫుల్' అని గొప్పగా చెబితే పెద్దగా కంగారుపడి కొనక్కర్లేదు.

తర్వాతి మెట్టు, ఏ ప్రోగ్రాం పంపిందో చూడడం. 443వ పోర్ట్‌కు ఏదో వెళుతోందని చెబితే ఏం లాభం? బ్రౌజరూ అదే వాడుతుంది, దొంగ ప్రోగ్రామూ అదే వాడుతుంది. పరికరంలోనే కూర్చున్న ఫైర్‌వాల్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి, దీన్ని పంపింది ఏ ప్రోగ్రామో తెలుసుకోగలదు. గుమ్మంలో కూర్చున్నదానికి ఆ వీలు లేదు. అక్కడికి వచ్చేసరికి ప్యాకెట్ మాత్రమే ఉంటుంది, దాన్ని రాసిన చెయ్యి కనబడదు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు ఇలా మూడో ప్రశ్నను శాసిస్తుంది.

అన్నిటికంటే లోతైనది కవరు విప్పి ఉత్తరం చదవడం. ప్రాక్సీ పద్ధతి ఫైర్‌వాల్‌లు మీ తరఫున తామే అవతలివాళ్లతో మాట్లాడి, వచ్చింది పరిశీలించి మీకు అందిస్తాయి. నెక్స్ట్ జనరేషన్ అని అమ్మేవి ప్యాకెట్లలోని విషయాన్ని బట్టి ఇది వీడియో కాలా, ఫైళ్ల పంపకమా అని గుర్తుపట్టి, దాడుల ఆనవాళ్ల కోసం కూడా వెతుకుతాయి. వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ లాగిన్ పేజీలోని ఖాళీలో ఎవరైనా డేటాబేస్ ఆదేశాలు కుక్కుతున్నారేమో చూస్తుంది.

అయితే ఇవాళ వెబ్ రాకపోకలు చాలావరకు హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే సీలు వేసిన కవర్లలో జరుగుతున్నాయి. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌కు ఏ చిరునామాకు వెళుతోందో తెలుస్తుంది, చాలాసార్లు సైట్ పేరు కూడా తెలుస్తుంది, కానీ ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో తెలియదు. తెలియాలంటే సీలు విప్పి, చదివి, మళ్లీ సీలు వేయాలి. అందుకు ఆ ఫైర్‌వాల్ వేసే సీలును నమ్మమని చెప్పే ఒక ప్రత్యేక సర్టిఫికెట్‌ను మీ పరికరంలో ఎక్కించాలి. కాబట్టి ఒక ఉత్పత్తి 'లోతైన తనిఖీ' అంటుంటే, సర్టిఫికెట్ ఎక్కించమంటోందా అని చూడండి. ఎక్కించమంటే అది మీ బ్యాంకు పేజీని కూడా చదవగల స్థితిలో ఉందని అర్థం. కొన్ని ఉత్పత్తులు బ్యాంకు సైట్లను మినహాయిస్తాయి, కానీ ఆ మాట వాళ్ల పత్రాల్లో రాసి ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఎక్కించకుండానే అన్నీ చూసేస్తామంటే ఆ మాటను కాస్త తగ్గించుకుని వినాలి.

నాలుగో ప్రశ్న: నిర్ణయం ఎవరిది?

సాంకేతిక పుస్తకాలు ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోవు. రోజూ వాడేవాళ్లకు మాత్రం ఇదే అసలు తేడా.

కొన్ని ప్రతి కొత్త కనెక్షన్‌కూ మిమ్మల్ని అడుగుతాయి. లిటిల్ స్నిచ్, లులు, లైనక్స్‌లో ఓపెన్‌స్నిచ్ ఈ తరహావి. మొదటి రోజున ప్రశ్నల వర్షం కురుస్తుంది. పేరు కూడా వినని సిస్టమ్ ప్రోగ్రామేదో ఒక చిరునామాకు వెళ్లాలంటుంది, అనుమతించాలా వద్దా? తెలియక 'సరే' అని నొక్కుతూ పోతే ఆ ఫైర్‌వాల్ ఉన్నా లేనట్టే. తెలియక 'వద్దు' అని నొక్కితే అప్‌డేట్లు ఆగిపోతాయి.

కొన్ని మీరు ముందే చెప్పిన జాబితాను పాటిస్తాయి. నెట్‌గార్డ్‌లో ఒక్కో యాప్ పక్కన వైఫైకి ఒక గుర్తు, మొబైల్ డేటాకు ఒక గుర్తు ఉంటాయి. నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే వదులుతుంది. అడగడాలు లేవు.

కొన్ని తయారీదారు పంపిన జాబితాల ప్రకారం తామే తేల్చేస్తాయి. భద్రతా ప్యాకేజీల్లో వచ్చేవి ఎక్కువగా ఇలాంటివే. హాయిగా ఉంటుంది, కానీ ఏదో పని ఆగిపోయినప్పుడు ఎందుకు ఆగిందో కనుక్కోవడం కష్టమవుతుంది.

దీనికి అనుబంధంగా ఇంకొకటి అడగాలి: ఏ రూలూ లేనప్పుడు ఏం చేస్తుంది? 'రూల్ లేకపోతే ఆపు' అనేదీ, 'రూల్ లేకపోతే వదులు' అనేదీ ఎదురెదురు స్వభావాలు. ఒకే ఫైర్‌వాల్ ఒక దిశలో ఒకలా, మరో దిశలో మరోలా ఉండొచ్చు. విండోస్ విషయంలో చూశాం కదా.

ఐదో ప్రశ్న: ఆపేది అదేనా, పైనున్న తొడుగా?

లైనక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ, ఐపీటేబుల్స్, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అని నాలుగు పేర్లు వినబడతాయి. కొత్తవాళ్లు నాలుగు ఫైర్‌వాల్‌లు అనుకుంటారు. నిజానికి ప్యాకెట్‌ను ఆపేది కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఉన్న యంత్రాంగం. ఐపీటేబుల్స్ 2001 నుంచీ, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 2014 నుంచీ ఆ యంత్రాంగానికి రూల్స్ ఇచ్చే మార్గాలు. యూఎఫ్‌డబ్ల్యూ, ఫైర్‌వాల్‌డీ ఆ రూల్స్‌ను మనుషులు తేలిగ్గా రాసుకునేలా పైన తొడిగిన తొడుగులు. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ముందే ఉంటుంది, కానీ మీరు ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది.

ఈ తేడా పుస్తకాల కోసం కాదు. ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్‌ను వాడే సర్వర్లలో ఇది చాలామందిని బోల్తా కొట్టించింది. యూఎఫ్‌డబ్ల్యూలో అన్నీ ఆపేశామని ధీమాగా ఉంటారు. డాకర్ మాత్రం బయటికి తెరవమన్న పోర్ట్‌ల కోసం తన రూల్స్‌ను నేరుగా కింది యంత్రాంగంలోనే రాసేస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్థితి అడిగితే 'ఆపాను' అంటుంది, బయటినుంచి చూస్తే పోర్ట్ తెరిచే ఉంటుంది. తొడుగు చూపించేది తాను రాసిన రూల్స్‌నే.

విండోస్‌లోనూ ఇదే కథ. సింపుల్‌వాల్ లాంటివి విండోస్‌లో ఉన్న వడపోత వేదికకే రూల్స్ ఇస్తాయి. ఇందులో తప్పేమీ లేదు, పైగా మంచిదే. ఆండ్రాయిడ్‌లో నెట్‌గార్డ్ దారి వేరు: రూట్ అనుమతి, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం, లేకుండా పని చేయడానికి ఫోన్‌లోని వీపీఎన్ సౌకర్యాన్ని వాడుకుని రాకపోకల్ని తన గుండా మళ్లించుకుంటుంది. ఆండ్రాయిడ్ ఒకసారికి ఒక వీపీఎన్‌నే నడవనిస్తుంది కాబట్టి, నెట్‌గార్డ్ ఆన్‌లో ఉండగా మామూలు వీపీఎన్ యాప్ వాడలేరు.

చీటీ రాయడం

ఐదు జవాబులూ దొరికాక ఒక చిన్న చీటీ రాయండి. పెద్ద పదాలు వద్దు. వాక్యం పూర్తిగా ఉండాలి, 'స్టేట్‌ఫుల్, హోస్ట్ బేస్డ్' అని ముక్కలుగా రాస్తే చదివేవాళ్లకు మళ్లీ మొదటికే వస్తుంది. కొన్ని నమూనాలు:

*విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్:* మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. పిలవకుండా లోపలికి వచ్చేవాటిని ఆపుతుంది, బయటికి వెళ్లేవాటిని మామూలుగా వదులుతుంది. ఏ చిరునామా, ఏ పోర్ట్, ఏ ప్రోగ్రాం అని చూస్తుంది, లోపలి విషయం చదవదు. ఎక్కువగా ముందే ఉన్న రూల్స్ ప్రకారం నడుస్తుంది, కొత్త ప్రోగ్రాం బయటినుంచి వచ్చే కనెక్షన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మిమ్మల్ని అడుగుతుంది. ఆపే పని విండోస్‌దే.

*నెట్‌గార్డ్:* ఫోన్‌లో ఉంటుంది. ఏ యాప్ బయటికి వెళ్లాలో మీరు పెట్టిన గుర్తుల ప్రకారం ఆపుతుంది. ఆండ్రాయిడ్ వీపీఎన్ సౌకర్యం మీద ఆధారపడుతుంది.

*ఓపీఎన్‌సెన్స్:* విడి యంత్రం కావాలి, నెట్‌వర్క్ గుమ్మంలో కూర్చుంటుంది. రెండు దిశలూ చూడగలదు, సంభాషణలు గుర్తుపెట్టుకుంటుంది. సూరికాటాను ఆన్ చేస్తే దాడుల ఆనవాళ్ల కోసం ఇంకా లోతుకు చూస్తుంది. రూల్స్ మీరే రాయాలి. ఏ ప్రోగ్రాం పంపిందో చెప్పలేదు.

*మోడ్‌సెక్యూరిటీ:* వెబ్‌సైట్ ముందు ఉంటుంది. సైట్‌కు వచ్చే అభ్యర్థనల లోపలి విషయం చదివి, రూల్స్ జాబితా ప్రకారం ఆపుతుంది. సైట్ నడపనివాళ్లకు అవసరం లేదు.

చీటీలో ఏదైనా గడి ఖాళీగా మిగిలితే అది కూడా ఒక సమాచారమే. ఉత్పత్తి పేజీ అంతా చదివినా 'బయటికి వెళ్లేవాటిని ఆపుతుందా?' అన్నదానికి జవాబు దొరకలేదంటే ప్రకటన పేజీ వదిలి వాడకం పత్రాల్లో రూల్స్ తయారుచేసే భాగం తెరవండి. రూల్ రాసే ఫారంలో ఏ గడులున్నాయో చూస్తే చాలు. అక్కడ ప్రోగ్రాం పేరుకు గడి ఉంటే ప్రోగ్రాం చూడగలదు. దిశకు గడి ఉంటే రెండు దిశలూ చూడగలదు. చిరునామా, పోర్ట్ తప్ప మరేమీ లేకపోతే, మొదటి పేజీలో ఎన్ని విశేషణాలున్నా అది కవరు మీద రాసింది చదివే ఫైర్‌వాలే.

రెండు చీటీలు పక్కపక్కన పెడితే

ఈ వర్గీకరణ అసలు ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. రెండు ఫైర్‌వాల్‌లు కలిపి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. చీటీలు చూడండి. స్థానం వేరైతే, ఉదాహరణకు రౌటర్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి ఉంటే, నిక్షేపంగా వాడొచ్చు, వాడాలి కూడా. 2017 మేలో వానాక్రై అనే వార్మ్ 445వ పోర్ట్ గుండా పాకినప్పుడు, ఒకసారి సంస్థ లోపలికి దూరాక పక్క యంత్రాలకు పాకడాన్ని గుమ్మంలోని ఫైర్‌వాల్ ఆపలేదు. యంత్రంలో ఉన్నదే ఆపాలి.

స్థానం ఒకటే అయినా దిశ వేరైతే కూడా పరవాలేదు. మ్యాక్ సొంత ఫైర్‌వాల్, దాని పక్కన లులు అలాంటి జంటే.

స్థానం, దిశ, లోతు మూడూ ఒకటే అయితే మాత్రం రెండోది దండగ. ఒకటి వదిలినదాన్ని మరొకటి ఆపుతుంది, ఏది ఆపిందో తెలియక మీరు తల పట్టుకుంటారు. భద్రతా ప్యాకేజీ సొంత ఫైర్‌వాల్‌తో వస్తే విండోస్ సాధారణంగా తనదాన్ని పక్కకు తప్పించి ఆ ప్యాకేజీకి బాధ్యత అప్పగిస్తుంది. అందుకే అలాంటి ప్యాకేజీ గడువు ముగిసినా, దాన్ని తీసేసినా, విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'ఫైర్‌వాల్, నెట్‌వర్క్ రక్షణ' పేజీలో డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అనే మూడు నెట్‌వర్క్ రకాల పక్కనా ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందని చూపిస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.